మన కథకు విజయవాడ ఎంత దూరం?

అనంతపురం నుంచి విజయవాడకు ఒక రాత్రి ప్రయాణం. హైదరాబాదుకూ అంతే. అదే దారిలో మన పుస్తకం వెళ్లాలంటే ఒక్కోసారి ఒక జీవితకాలం చాలదు. కదిరిలో, హిందూపురంలో, గుంతకల్లులో కూర్చుని తెలుగులో రాస్తున్న ముస్లిం యువతీయువకులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. పంపిన కథకు జవాబు రాదు. వచ్చినా సలహాలతో వస్తుంది: సీమ మాట తగ్గించండి, ఉర్దూ పదాలకు అర్థాలు ఇవ్వండి. మాలో కొందరికి మూడో సలహా కూడా అందింది: ముస్లిం జీవితం వదిలి ‘సాధారణ’ జీవితం మీద రాయండి.

మన జీవితం సాధారణం కాదని తేల్చింది ఎవరు? రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే చేతులు, వీధి వీధి తిరిగి పాత ఇనుము కొనే తండ్రి, వేరుశనగ ఎండిపోయాక బెంగళూరు బస్సెక్కిన కుటుంబం, వీరిది ఏ లోకపు జీవితం? సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. కరువు ఏనాడూ మతం అడిగి పొలంలోకి రాలేదు. ఆ కరువును రాసిన తెలుగు కథ మాత్రం మన గడప దాటి లోపలికి రావడానికి చాలాకాలం తటపటాయించింది.

‘ప్రతిభ ఉంటే ఎక్కడున్నా గుర్తింపు వస్తుంది’ అనేవారున్నారు. సలీం నవల ‘కాలుతున్న పూలతోట’కు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కడప జిల్లా వేంపల్లి షరీఫ్ కథల సంపుటి ‘జుమ్మా’కు అకాడమీ యువ పురస్కారం దక్కింది. మన అనంతపురానికే చెందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో అకాడమీ గౌరవం లభించింది. ఈ పేర్లు మనకు గర్వకారణం. అయితే ఇవి మన శక్తికి రుజువులే గానీ, తలుపులు తెరిచి ఉన్నాయనడానికి రుజువులు కావు. గోడ దూకినవాడిని చూపించి గోడే లేదనడం న్యాయం కాదు.

గూగూడు సంగతే చూడండి. నార్పల మండలంలోని ఆ ఊరి కుళ్లాయిస్వామి పీర్ల పండుగపై అఫ్సర్ ఆంగ్లంలో చేసిన పరిశోధనను 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. మన పీర్ల చావిడి ప్రపంచ విశ్వవిద్యాలయాలకు చేరినందుకు సంతోషిస్తాం. కానీ ఆ పండుగలో పీరు ఎత్తినవాడు, అగ్నిగుండం పక్కన నిలబడి చూసిన పిల్ల తమ కథను తమ మాటలోనే రాస్తే, దానిని తెలుగులో అచ్చువేసే వారెవరు? దూరాన ఉన్న పండితులకు ఆసక్తి కలిగించిన జీవితం దగ్గరి ప్రచురణకర్తకు ‘ప్రత్యేకం’ ఎలా అయింది?

ఈ గడ్డకు అచ్చు కొత్త కాదు. 1926లోనే పప్పూరు రామాచార్యులు అనంతపురం నుంచి ‘శ్రీ సాధన’ పత్రిక నడిపారు. ఆ తర్వాత విద్వాన్ విశ్వం, తరిమెల నాగిరెడ్డి ఇక్కడే ‘నవ్య సాహిత్యమాల’ పెట్టి పుస్తకాలు వేశారు, అందుకు జైలుకూ వెళ్లారు. అనుమతి కోసం వారు మద్రాసు వైపు చూడలేదు. ముస్లిం రచయితల అనుభవమూ అదే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ తెలుగు సాహిత్యాన్ని నిలదీసింది. స్కైబాబ సంపాదకత్వంలో 1998లో ‘జల్‌జలా’ కవితలు, 2004లో ‘వతన్’ కథలు వచ్చాయి. పెద్ద సంస్థలు పిలిచి వేసిన పుస్తకాలు కావవి. రచయితలే కూడి, మోసి, ఊరూరా పంచినవి. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రపై సయ్యద్ నశీర్ అహమ్మద్ పుస్తకాలూ ఇలాంటి స్వయంకృషితోనే పాఠకులను చేరాయి.

అలాగని ప్రభుత్వాన్ని వదిలిపెట్టలేం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. కదిరి పేదవాడూ కడతాడు, హిందూపురం పట్టు కార్మికుడూ కడతాడు. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరదన్నది పాత ఫిర్యాదు. చేరిన సొమ్ముతో కొనే పుస్తకాలలో ఈ జిల్లా రచయితలవి ఎన్ని? దళితులవి, ముస్లింలవి ఎన్ని? ఈ లెక్క అడగడం యాచన కాదు, హక్కు. సమాచార హక్కు చట్టం మన చేతిలోనే ఉంది.

ఇక మన ఇంటి సంగతి. వలీమా విందుకు లక్షలు ఖర్చుచేసే కుటుంబం సొంత మేనల్లుడి పుస్తకానికి నూటయాభై రూపాయలు ఇవ్వడానికి వెనుకాడుతుంది. ఇంట్లో దక్కనీ మాట్లాడతాం గనుక తెలుగు మనది కాదనుకునే పెద్దలున్నారు. మరి ఇంట్లోనూ తెలుగే మాట్లాడే దూదేకుల సోదరుల మాటేమిటి? మన పిల్లలు చదివేది తెలుగు బడిలో, మనపై వార్తలు వచ్చేది తెలుగు పత్రికల్లో. మన గురించి జరిగే వాదన తెలుగులో సాగుతుంటే జవాబు మరో భాషలో దాచుకోవడం తెలివి కాదు. మరీ బాధాకరం ఏమంటే, బిడ్డ కథ రాస్తే ‘పేరు అచ్చులో వద్దమ్మా’ అని ఆపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బయట సంపాదకుడు కొట్టేసిన వాక్యం కంటే ఇంట్లో మనమే చించేసిన కాగితాలు ఎక్కువేమో ఆలోచించుకోవాలి.

కాబట్టి మా పిలుపు ఇది. ప్రతి పట్టణంలో పదిమంది చేరి నెలకొకసారి ఒకరి రచన ఒకరు నిర్మొహమాటంగా సరిదిద్దుకోవాలి. దూరం మన లోపాలకు సాకు కాకూడదు. ఐఎస్‌బీఎన్ సంఖ్యకు మన దేశంలో రుసుము లేదు. అచ్చుకు ముందే మూడు వందల మంది కొనుగోలుదారులు నిలబడితే పుస్తకాల కట్టలు రచయిత మంచం కింద మిగలవు. ప్రతి జమాఅత్ కమిటీ మసీదు ఆవరణలో తెలుగు పుస్తకాలకు ఒక అలమర ఇవ్వాలి. సీమ మాటను, ఇంటి మాటను మార్చకుండా రాయాలి. అమ్మీ అన్న మాటకు అర్థం అడిగే పాఠకుడు రెండో పేజీకి తానే తెలుసుకుంటాడు.

విజయవాడ తలుపు తట్టడం మానబోము. అది తెరుచుకునే దాకా రాయకుండా మాత్రం కూర్చోము.