రూమ్ అద్దె దగ్గరే అసలు లెక్క

మన ఇళ్లల్లో హెల్త్ ఇన్సూరెన్స్ మాట వస్తే రెండే అంకెలు వినిపిస్తాయి: ఎంతకి కవర్, ఎంత ప్రీమియం. "మూడు లక్షలకి ఉందిలే" అనుకుని కాగితాలు బీరువాలో పెట్టేస్తాం. తీరా ఆసుపత్రిలో చేరాక మన చేతి నుంచి ఎంత పోతుందో తేల్చేవి లోపలి పేజీల్లో ఉంటాయి.

వాటిలో కో-పే మీద నాకు పెద్ద కోపం లేదు. పెద్దవాళ్ల పాలసీలో 20 శాతం కో-పే ఉందంటే, కంపెనీ ఒప్పుకున్న ప్రతి లక్షలో 20 వేలు మనవి. ముందే తెలుస్తుంది కాబట్టి ఆ డబ్బు పక్కన పెట్టుకోవచ్చు. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవనిలోనైతే 5 శాతమే.

నన్ను భయపెట్టేది రూమ్ అద్దె పరిమితి. మూడు లక్షల పాలసీలో రోజుకి 1 శాతం అని ఉంటే 3 వేల గదికే అర్హత. మనం 6 వేల గది తీసుకుంటే ఏమవుతుంది? మిగతా 3 వేలు మనం కట్టుకుంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. సరిపోదు. అర్హత సగమే కాబట్టి డాక్టరు ఫీజు, నర్సింగ్, ఆపరేషన్ థియేటర్ ఖర్చులు కూడా సగానికి కోస్తారు.

ఒక లెక్క వేసి చూడండి. నాలుగు రోజుల గది 24 వేలు, సర్జన్, థియేటర్ వగైరా లక్ష, మందులు, పరీక్షలు 60 వేలు. మొత్తం 1,84,000. గదికి 12 వేలు, సర్జన్ పద్దుకి 50 వేలు, మందులకి పూర్తిగా 60 వేలు, అంటే 1,22,000 ఒప్పుకుంటారు. దాని మీద 20 శాతం కో-పే పోతే వచ్చేది 97,600. మన వాటా 86,400! అదే 3 వేల గదిలో ఉండి ఉంటే, మిగతా ఖర్చులేవీ మారలేదనుకున్నా, మన వాటా 34,400తో పోయేది. నిజానికి చిన్న గదికి చాలా ఆసుపత్రుల్లో డాక్టరు ఫీజు కూడా తక్కువే.

మరి ఆ పెద్ద గది ఎవరికోసం? పేషెంటుకి మంచం, ఫ్యాను, పిలిస్తే పలికే నర్సు చాలు. సోఫా పరామర్శకి వచ్చే చుట్టాలకి! "ఆయన్ని షేరింగ్ రూమ్‌లో పెట్టారట" అని ఎవరో అంటారని యాభై వేలు వదులుకోవడం నాకు మర్యాదగా అనిపించదు.

ఇంకోటి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ ఛార్జీలకి ఈ కోత వర్తించదని ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలోనూ కోయకూడదు. సెటిల్‌మెంట్ కాగితంలో అలా కోసి ఉంటే ఊరుకోకండి, రాతపూర్వకంగా అడగండి.

అడ్మిషన్ కౌంటర్ దగ్గర "ఏ రూమ్ కావాలమ్మా?" అని అడిగేసరికి మగవాళ్లు స్కానింగ్ దగ్గరో, ఏటీఎం దగ్గరో ఉంటారు. జవాబు చెప్పేది మనమే. అందుకే మా ఇన్సూరెన్స్ కార్డు వెనక "రోజుకి 3 వేల గది, కో-పే 20" అని స్కెచ్ పెన్నుతో రాసి అతికించాను. అది ఎక్కడుందో మా అత్తయ్యగారికీ తెలుసు.