పిల్లగాని చెవులు మూసుడు సరే.. డీజేకు మూతెవరు పెడ్తరు?

ఫోన్ తీస్తే చాలు, ఈ మధ్య ఓ కొత్త రకం యాడ్లు ఎదురైతున్నయి. ఆటిజం ఉన్న పిల్లలకు సప్పుడు వినపడకుండ చేసే హెడ్‌ఫోన్, ఒళ్లును అదిమిపట్టి నిమ్మళం చేసే బరువు జాకెట్, పిల్లగాడు ఆగమయ్యేముందే తల్లి ఫోన్‌కు కబురు పంపే చేతి వాచ్. రేట్లు చూస్తే గుండె గుభేలుమంటది. ఇవి పనిచేస్తయా? మనసుంటోళ్లు కొనాల్నా? సర్కారేమన్న ఇస్తదా? ఈ మూడు ముచ్చట్లూ తేల్చుకోవాలె. ఆ తర్వాత ఎవ్వరూ అడగని నాలుగో ముచ్చట కూడా ఉన్నది.

అది మొండితనం కాదు, నొప్పి

కండ్లు, చెవులు, చర్మం నుంచి మెదడుకు క్షణక్షణం సమాచారం పోతనే ఉంటది. అక్కెర లేనిదాన్ని మెదడు జల్లెడ పట్టి పక్కకు పెడ్తది. అందుకే ఫ్యాన్ సప్పుడు కాసేపైతే మనకు వినపడదు. కొంతమందికి ఆ జల్లెడ వేరే తీరుగ ఉంటది. ఫ్యాను, ట్యూబ్‌లైట్ గుయ్యిమనుడు, అంగీ కాలర్ గీరుకపోవుడు, పక్కింటి మిక్సీ అన్నీ ఒక్కసారే మీదవడ్తయి. దీన్నే సెన్సరీ ఓవర్‌లోడ్ అంటరు. ఆటిజం ఉన్నోళ్లలో ఇది ఎక్కువ. 2013ల వచ్చిన డీఎస్ఎం-5 అనే డాక్టర్ల పుస్తకంల దీన్ని ఆటిజం గుర్తుపట్టే లక్షణాల్ల ఒకటిగ చేర్చిండ్రు. మైగ్రేన్ తలనొప్పి ఉన్నోళ్లకూ వెలుతురు, సప్పుడు పడవు.

బోనకల్‌నే తీస్కోండ్రి. కాజీపేట, బెజవాడ రైల్వే లైన్ మీద ఉన్న ఊరు. రాత్రనక పగలనక ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ బండ్ల కూతలు. మిర్చి సీజన్ల ట్రాక్టర్ల మోత. పెండ్లి బరాత్, నిమజ్జనం, ఎలక్షన్ ర్యాలీ ఏదైనా డీజే పెట్టకుంటే ఇజ్జత్ పోయినట్టే. ఇంత మోతల అసుంటి పిల్లగాడు చెవులు మూసుకొని కిందవడి పొర్లితే మనమేమంటం? మొండోడంటం. గాలి సోకిందంటం. తల్లి గారాబం చేసి చెడగొట్టిందంటం. తాయెత్తు కట్టిస్తం, బడిల రెండు దెబ్బలేస్తం, ఆఖరికి బడే మాన్పిస్తం. ఆ పిల్లగాడు చేసేది అల్లరి కాదు. కండ్లల్ల కారం పడితే మనం మొత్తుకున్నట్టు మొత్తుకుంటున్నడు.

ఏది పనిచేస్తది? ఏది డౌటు?

ఈ సామాన్లల్ల అన్నింటికన్నా సాదాది చెవి మఫ్. ఫ్యాక్టరీలల్ల కార్మికులు రెండు చెవుల మీద పెట్టుకునే డిప్పలే ఇవి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతయి. మంచిదైతే 20 నుంచి 30 డెసిబెల్స్ దాక సప్పుడు తగ్గిస్తది. కరెంటు వద్దు, చార్జింగ్ వద్దు.

ఆ పై మెట్టు నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్. దాంట్ల చిన్న మైకు బయటి సప్పుడును పట్టుకుంటది, దానికి ఉల్టా ఉండే అలను మిషనే పుట్టిస్తది. రెండూ కొట్టుకొని పోతయి. ఈ కిటుకును జనంలకు తెచ్చినోళ్లల్ల అమర్ బోస్ ఒకరు. ఆయన తండ్రి బెంగాల్ నుంచి అమెరికా పోయిన స్వాతంత్య్ర పోరాటకారుడు. 1978ల విమానంల పోతుంటే బోస్‌కు ఆలోచన తట్టింది, 1989ల పైలట్ల హెడ్‌సెట్‌గ మార్కెట్లకు వచ్చింది. ఇంజన్ లెక్క ఒకే తీరుగ వచ్చే మోతకు ఇది మంచిగ పనిచేస్తది. పటాకు లెక్క ఒక్కసారే పేలే సప్పుడును అంతగ ఆపలేదు.

బరువు జాకెట్ల వెనుక కూడా ఓ కథ ఉన్నది. అమెరికాల టెంపుల్ గ్రాండిన్ అని ఆటిజం ఉన్నామె, 1947ల పుట్టింది. టీకాలేసేటప్పుడు పశువును రెండు దిక్కుల అదిమిపట్టే బోను ఉంటది కదా, దాంట్లకు పోయినంక కొన్ని పశువులు నిమ్మళమైతున్నయని పడుచు వయసుల గమనించింది. తన కోసం అసుంటి మిషనే ఒకటి చేసుకుంది. తర్వాత పశువుల శాస్త్రంల పెద్ద ప్రొఫెసర్ అయింది. అయితే ఆమెకు పనిచేసింది అందరికీ పనిచేస్తదని లేదు. ఇసుంటి థెరపీల మీద రుజువులు తక్కువున్నయని, తల్లిదండ్రులకు ఆ ముచ్చట చెప్పాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2012లనే అన్నది.

ఇగ వాచ్. గుండె ఎంత జోరుగ కొట్టుకుంటుందో, చర్మం మీద చెమట ఎంతున్నదో కొలిచి, ఆగమయ్యేటట్టున్నడని చెప్తది. కానీ కబడ్డీ ఆడినా గుండె జోరుగనే కొట్టుకుంటది. భయమేదో ఆటేదో వాచ్‌కు పక్కాగ తెల్వదు. పైగ ఆ పిల్లగాని ఒంటి లెక్కలన్నీ కంపెనీ కంప్యూటర్లకు పోతయి. 18 ఏండ్ల లోపోళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలని 2023 డేటా రక్షణ చట్టం చెప్తున్నది. ఇంగ్లీషుల పది పేజీల షరతులు చూపెట్టి ఓకే నొక్కమంటే అది ఒప్పుదల ఎట్లయితది?

నా లెక్కల చెప్పాల్నంటే, ముందుగాల చెవి మఫ్‌తోటి మొదలుపెట్టాలె. పిల్లగాన్నే పెట్టుకోనిచ్చి, ఇష్టమేనా కాదా చూడాలె. పొద్దంతా పెడితే చిన్న సప్పుడుకు కూడా చెవి ఓర్చుకోలేకుండ అయితది, అక్కెరున్నప్పుడే వాడాలె. రోడ్డు మీద, రైలు పట్టాల కాడ అస్సలు పెట్టొద్దు. బోనకల్ అసుంటి ఊర్ల ఇది పాణం మీది ముచ్చట.

సర్కారు దిక్కు చూస్తే

కాగితం మీద హక్కులకు కొదవ లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, దాంట్ల ఆటిజం ఉన్నది. పిల్లల అవసరానికి తగ్గట్టు బడి మారాల్నని 16వ సెక్షన్ చెప్తది. ఆటిజం ఎంతున్నదో కొలిచే మన దేశపు కొలమానం ఐఎస్ఏఏ తయారైంది మన సికింద్రాబాద్‌లనే, ఇప్పుడు నీపిడ్ అంటున్న జాతీయ సంస్థల. ఆర్బీఎస్కే టీములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి పోయి పిల్లలను చూడాలె. మండలాలల్ల భవిత కేంద్రాలున్నయి. నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా కింద ఆటిజం ఉన్నోళ్లకు ఏడాదికి లక్ష రూపాయల దాక, థెరపీ ఖర్చుతో సహా వస్తది. ఇది ఎంతమంది తల్లులకు ఎరుక?

ఎరుకైనా తొవ్వ సులువు కాదు. కంటికి కనపడని వైకల్యం గాబట్టి సర్టిఫికెట్‌కే చెప్పులరిగిపోతయి. చర్ల, దుమ్ముగూడెం దిక్కు నుంచి ఓ కోయ తల్లి పెద్ద డాక్టర్ కోసం హైదరాబాద్ పోవాల్నంటే 300 కిలోమీటర్ల పైనే, ఎన్ని రోజుల కూలి పోతదో లెక్కేసుకోండ్రి. రాష్ట్రంల దివ్యాంగుల పింఛన్‌ను 2023ల 4,016 చేసిండ్రు. ఓ మంచి హెడ్‌ఫోన్ కొంటే ఆ నెల పింఛన్ మొత్తం ఖతం. పన్ను సంగతి ఇంకా చిత్రం. చెవిటి మిషన్‌కు జీఎస్టీ లేదు, చక్రాల కుర్చీకి 5 శాతం, హెడ్‌ఫోన్‌కు మాత్రం 18 శాతం. ఆ పిల్లగానికి అది పాటలు వినే సోకు కాదని పన్నుల ఆఫీసుకు ఎవరు చెప్పాలె?

నాలుగో ముచ్చట

సామాన్లన్నీ ఫిరీగ ఇచ్చినా ఒక లెక్క తెగదు. నివాసాల కాడ పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెప్తున్నయి. డీజే బాక్సుల పక్కన 100 దాటుడు మామూలే. చెవి మఫ్ 25 తగ్గించినా ఇంకా 75 మిగుల్తది. పది డెసిబెల్స్ పెరిగితే సప్పుడు శక్తి పది రెట్లు. అంటే రాత్రి హద్దు 45 కన్నా అది వెయ్యి రెట్లు ఎక్కువ. పైగ బాస్ మోతను మఫ్ అంతగ ఆపదు, అది ఛాతీలకెళ్లి లోపలికి పోతది.

ఇక్కడనే కంపెనీల తెలివి అర్థం చేసుకోవాలె. సప్పుడు చేసేటోనికి ఖర్చు లేదు, దాన్ని ఓర్చుకోలేనోడు వేలు పెట్టి మిషన్ కొనాలె! వర్షమొస్తే గొడుగు పట్టుకోవాల్సిందే, నేనొద్దంటలేను. కానీ ఇది మనుషులు కురిపిస్తున్న వాన. దీన్ని మనుషులే ఆపొచ్చు.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక బయట లౌడ్‌స్పీకర్ పెట్టొద్దనేది చట్టమే. 2005 జులైల సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగ చెప్పింది. పండుగలకు రాష్ట్ర సర్కారు 12 దాక పర్మిషన్ ఇయ్యొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించొద్దు. దవాఖాన, బడి, కోర్టు చుట్టు 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. 2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్ల డీజేలను బంద్ పెట్టిండ్రు. పట్నంల ఉన్నోళ్ల చెవులకున్న ఇలువ పల్లె చెవులకు లేదా?

డీజే బండి నడుపుకొని బతికే తమ్ముళ్ల పొట్ట కొట్టమని నేను చెప్తలేను. సౌండ్ తగ్గించుండ్రి, పదింటికి బంద్ చేయుండ్రి అంటున్న. ఆడండ్రి, పాడండ్రి, ఎవరొద్దన్నరు?

అడగాల్సినయి మూడే. ప్రతి భవిత కేంద్రంల, ప్రతి సర్కారు బడిల రెండు మూడు చెవి మఫ్‌లు పెట్టాలె, అవసరమైన పిల్లలు కూసునేటందుకు ఒక సప్పుడు లేని అర్ర ఉండాలె. దివ్యాంగులకు కేంద్రం ఇచ్చే పరికరాల అడిప్ స్కీమ్‌ల ఈ సామాన్లకు చోటియ్యాలె, జీఎస్టీ తీసెయ్యాలె. డీజే పర్మిషన్ కాగితం మీద డెసిబెల్ హద్దు, బంద్ చేసే టైము రాయాలె, దాటితే బాక్సులు సీజ్ చేయాలె.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఊర్లల్ల గణేష్ కమిటీలు నడిపేది మీరే. ఈసారి చందాల మీటింగుల కూసున్నప్పుడు ఒక్క మాట అడగండ్రి: మన గల్లీల సప్పుడు పడని పిల్లలు, ముసలోళ్లు, గుండె జబ్బోళ్లు ఎవరెవరున్నరు? వాళ్ల ఇండ్ల ముంగట బాక్సులు పెట్టొద్దని ఆడనే తీర్మానం చేయుండ్రి. దానికి ఏ సర్కారు జీవో అక్కెర లేదు, పైసా ఖర్చు లేదు.