పే స్లిప్పులో కనిపించని జీతం

సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది 'అబ్బాయి ఏం చేస్తాడు?' అని. ఆ వెంటనే 'గవర్నమెంటా, ప్రైవేటా?' అంటారు. ఒకప్పుడు 'గవర్నమెంటే' అంటే ఇక మూడో ప్రశ్న ఉండేది కాదు. సాఫ్ట్‌వేర్ కొలువులు వచ్చాక 'ప్యాకేజీ ఎంత?' అన్నది ముందుకొచ్చింది. అసలు అడగాల్సింది మరొకటుంది. నెలనెలా చేతికొచ్చేది సరే, రేపటి కోసం పక్కన పడుతున్నదెంత?

ఓ ఉదాహరణ చూద్దాం. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరు. అన్న హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా చేరాడు. మూలవేతనం 19,900 రూపాయలు. 2025 జులై నాటి డీఏ 58 శాతం, అంటే 11,542. ఇంటి అద్దె భత్యం 30 శాతం, అంటే 5,970. ప్రయాణ భత్యం వదిలేసినా మొత్తం 37,412. జాతీయ పింఛను పథకానికి 3,144, వృత్తి పన్నుకు 200 పోతే చేతికి సుమారు 34 వేలు.

తమ్ముడిది ప్రైవేటు ఉద్యోగం. ఏడాదికి 5 లక్షల ప్యాకేజీ. అంటే నెలకు 41,667 అని ఇంట్లో అందరూ సంబరపడతారు. కానీ కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కోసం తీసి ఉంచే సుమారు వెయ్యి కూడా అందులోవే. తన వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 36,800 దాకా వస్తుంది. అన్న కంటే ఎక్కువే.

ఇప్పుడు పక్కన పడేది చూడండి. అన్న కట్టే పది శాతానికి ప్రభుత్వం 14 శాతం కలుపుతుంది. రెండూ కలిపి నెలకు 7,546 అతని పింఛను ఖాతాలో చేరతాయి. తమ్ముడి పీఎఫ్‌ను 15,000 జీతం మీదే లెక్కగడితే ఇద్దరి వాటా కలిపి 3,600. అన్నదాంట్లో సగం కూడా కాదు. కంపెనీ వాటాలోంచి 1,250 ఉద్యోగుల పింఛను పథకానికి పోతుంది. అదే 15,000 పరిమితి మీద 35 ఏళ్లు పనిచేసినా ఆ పథకం లెక్క ప్రకారం వచ్చే పింఛను నెలకు 7,500 మాత్రమే. అప్పటి ధరల్లో ఆ డబ్బు దేనికి సరిపోతుందో మీరే ఊహించుకోవచ్చు.

అలాగని 'తాతగారికి నెలనెలా పింఛను వచ్చేది, నువ్వూ సర్కారు కొలువే చూసుకో' అనడానికీ లేదు. కేంద్రంలో 2004 జనవరి 1 నుంచి, మన రాష్ట్రంలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి ఆ పాత పింఛను లేదు. ఉద్యోగీ, ప్రభుత్వమూ కట్టే సొమ్ము మార్కెట్లో పెరిగినంత పెరుగుతుంది. కేంద్ర ఉద్యోగుల కోసం 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకం వచ్చింది. దాన్ని ఎంచుకుని 25 ఏళ్లు పనిచేసినవారికి, చివరి ఏడాది సగటు మూలవేతనంలో సగం పింఛనుగా దక్కుతుంది.

మరి ప్రైవేటులో లాభమే లేదా? ఉంది. అన్నకు ఏటా 3 శాతం ఇంక్రిమెంటు, ఆరు నెలలకోసారి డీఏ సవరణ ఉంటాయి. తమ్ముడికి ఆ భరోసా లేదు కానీ, పని నేర్చుకుని రెండు కంపెనీలు మారితే అన్నను దాటి చాలా దూరం వెళ్లగలడు. ఏడో వేతన సంఘం ప్రకారం కేంద్రంలో అందరికన్నా పైనుండే కేబినెట్ కార్యదర్శి మూలవేతనమే 2,50,000. పెద్ద కంపెనీల్లో అంతకు మించి తీసుకునే మేనేజర్లు బోలెడంత మంది. కింది మెట్ల మీద సర్కారుది పైచేయి, పై మెట్ల మీద ప్రైవేటుది.

మరో ఖర్చును చాలా ఇళ్లలో లెక్కే వేయరు. అదే ఎదురుచూపు. చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి అశోక్‌నగర్‌లో మూడేళ్లు కోచింగ్ తీసుకుంటే, కోచింగ్ ఫీజులూ హాస్టలు బిల్లులూ కాక, నెలకు 36 వేల చొప్పున రానిచ్చుకోని జీతమే దాదాపు 13 లక్షలు అవుతుంది. ఉద్యోగం వస్తే సరే. రాకపోతే వయసూ, అనుభవమూ రెండూ పోయినట్టే. పిల్లల్ని ప్రయత్నించనివ్వండి. అయితే ఎన్నేళ్లన్నది ముందే కూర్చుని మాట్లాడుకోండి.

ప్రైవేటులో స్థిరపడ్డ పిల్లలకు మాత్రం మూడు మాటలు చెప్పండి. కంపెనీ మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసి బండి కొనకుండా, కొత్త ఖాతాకు బదిలీ చేసుకోవాలి. పదేళ్ల సర్వీసు ఉంటేనే పింఛనుకు అర్హత. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఆ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ ఒకటి ఉండాలి. మన తమ్ముడికి అన్న కంటే అదనంగా వస్తున్న 2,800 ఖర్చు కోసం కాదు. యజమాని పక్కన పెట్టని పింఛను అదే. మొదటి జీతం నుంచే దాన్ని దాచుకుంటే, అరవయ్యో ఏట అన్న ముందు చేయి చాచాల్సిన పని రాదు.