మలపరీక్ష మళ్లీ ఇంటికి వచ్చింది

మన శాస్త్రం గ్రహణి, ప్రవాహిక, రక్తాతిసారములుగా వర్ణించిన లక్షణాలు అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అనే దీర్ఘకాలిక ప్రేగు వ్యాధులలో తరచుగా కానవస్తాయి. నెలల తరబడి అణగి ఉండి, ఒక్కసారిగా విజృంభించడం ఈ వ్యాధుల స్వభావం. మూడు నెలలకొకసారి వైద్యుని చూసే రోగి నడుమ జరిగినదంతా గుర్తుంచుకొని చెప్పగలడా?

ఈ లోటు తీర్చడానికి గృహ పర్యవేక్షణ పద్ధతి వచ్చింది. విరేచనాల సంఖ్య, రక్తస్రావం, నొప్పి, నీరసం మొదలైన వాటిని రోగి ఫోన్‌లో నమోదు చేస్తే వైద్య బృందానికి చేరుతుంది. నెదర్లాండ్స్‌లో 909 మందిపై జరిగిన అధ్యయనం 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఈ పద్ధతిలో ఉన్నవారు ఏడాదికి సగటున 1.55 సార్లు ఆసుపత్రి ఓ.పి.కి వెళ్లగా, తక్కినవారు 2.34 సార్లు వెళ్లారు. ఆసుపత్రిలో చేరవలసిన సందర్భాలు కూడా తగ్గాయి. ప్రేగులో శోథ ఉన్నప్పుడు మలంలో పెరిగే కాల్‌ప్రొటెక్టిన్ అనే మాంసకృత్తును ఇంటివద్దనే కొలిచి, ఫోన్ కెమెరాతో చదివే పరికరాలు సైతం వచ్చాయి.

ఇది పరాయి విద్య అని త్రోసిపుచ్చే వైద్యులతో నేను ఏకీభవించను. ఆమయుక్తమైన మలం నీట మునుగుతుందని, పక్వమైనది తేలుతుందని చరకసంహిత చెబుతున్నది. మలాన్ని చూడడమే అసహ్యమనుకునే మన ఇళ్లకు ఆ పరీక్ష యంత్రరూపంలో తిరిగి వచ్చింది.

అయితే దర్శన, స్పర్శన, ప్రశ్నలనే మూడింటిలో స్పర్శనం యంత్రానికి సాధ్యం కాదు. పొట్టపై చేయి వేసి చూడవలసినది వైద్యుడే. పైగా అంటువ్యాధి వల్ల వచ్చే విరేచనాలలోను, కొన్ని నొప్పి మాత్రల వల్లను కాల్‌ప్రొటెక్టిన్ పెరుగుతుంది. ఆ అంకెకు అర్థం చెప్పే వైద్యుడు అవతల లేనప్పుడు పరికరం రోగికి భయాన్నో, భ్రాంతినో మిగుల్చుతుంది.

పరికరం లేనివారు విచారింపనక్కరలేదు. ఒక నోటుపుస్తకంలో ప్రతిదినం విరేచనాలెన్ని, రక్తం, జిగట ఉన్నవా, ఏమి భుజించిరి, బరువెంత అని వ్రాసుకొనవలెను. అంకె బాగున్నదని మందు స్వయంగా మానరాదు. రోజుకు ఆరు లేక అంతకు మించి రక్తవిరేచనాలు అవుతూ, జ్వరం గాని గుండెదడ గాని ఉంటే, మజ్జిగ, దానిమ్మ తొక్కలతో కాలయాపన చేయక ఆనాడే ఆసుపత్రికి చేరవలెను. వైద్యం ఏదైనప్పటికీ, రోగి ప్రాణరక్షణయే ప్రథమ ధర్మం.