క్యాబినెట్ కొద్దీ ప్రాసెసర్

2020 డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఒక దుకాణం ముందు నేనూ, మా మేనల్లుడూ నిలబడి ఉన్నాం. ముఖాలకు మాస్కులు, అద్దాల కౌంటర్ మీద శానిటైజర్ సీసా. వాడు విజయవాడలో ఇంటి దగ్గర నుంచే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. అప్పుడే వచ్చిన 16 కోర్ల ప్రాసెసర్ కావాలన్నాడు. “పీస్ లేదు తమ్ముడూ” అన్నాడు దుకాణదారు. మావాడి ముఖం చూసి, కాసేపాగి, “ఒక్కటుంది గానీ విడిగా ఇయ్యను. ఈ బోర్డుతో కలిపి తీస్కోవాలె” అన్నాడు. ఆ బోర్డు పెద్దది. మావాడు అప్పటికే తెప్పించి పెట్టుకున్న క్యాబినెట్ బూట్ల డబ్బా అంత ఉంటుంది. అందులో ఆ బోర్డు పట్టనే పట్టదు. అయినా వాడు నన్ను పక్కకు లాగి, “మామయ్యా, బోర్డు తర్వాత ఎవరికైనా అమ్మేద్దాం. ఇప్పుడు వదిలేస్తే ఇక దొరకదు” అన్నాడు.

నేను వద్దన్నాను. కానీ గట్టిగా అనలేదు. ఆ రోజు గట్టిగా అనాల్సిన మాట ఇప్పుడు అంటున్నాను.

చిన్న క్యాబినెట్‌లో బలమైన సిస్టమ్ కట్టించుకోవాలనుకునేవాళ్లలో ఒక నమ్మకం బాగా నాటుకుపోయింది. చిన్నదైనా సరే, అందులో ఉండాల్సింది అన్నింటికన్నా పై ప్రాసెసరేనట. అది మార్కెట్లో దొరకడం లేదంటే అదే దాని గొప్పతనానికి సాక్ష్యమట. కనుక ధర ఎంతైనా, షరతు ఏదైనా, కనబడినప్పుడే కొనెయ్యాలట. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇదే చెబుతుంటే కుర్రాళ్లు అప్పు చేసి మరీ కొంటున్నారు. ఈ నమ్మకం మొదటి మాట నుంచి చివరి మాట దాకా తప్పు.

ముందు వేడి సంగతి చూద్దాం. చిన్న సిస్టమ్‌లో యజమాని అదే. ఈ క్యాబినెట్లను లీటర్లలో కొలుస్తారు. మామూలు టవర్ క్యాబినెట్ 40, 50 లీటర్లు ఉంటుంది. చిన్నవాటిలో పేరున్న ఎన్‌కేస్ ఎం1 పన్నెండున్నర లీటర్ల పైచిలుకు. డాన్ ఏ4-ఎస్ఎఫ్ఎక్స్ అయితే 7.2 లీటర్లే. వీటిలో కూర్చునేది మినీ-ఐటీఎక్స్ బోర్డు. 2001లో వయా కంపెనీ తెచ్చిన కొలత అది, అటూ ఇటూ 17 సెంటీమీటర్లు. ర్యామ్‌కి రెండు స్లాట్లు, గ్రాఫిక్స్ కార్డుకి ఒక్కటి. అంతవరకూ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది కూలర్ ఎత్తు. పెద్ద టవర్‌లో నాక్టువా ఎన్‌హెచ్-డీ15 లాంటి 165 మిల్లీమీటర్ల కూలర్ నిలబడుతుంది. డాన్ ఏ4లో 48 మిల్లీమీటర్లు దాటితే తలుపు పడదు. నాలుగు వేళ్ల ఎత్తు కూడా లేని లోహపు రెక్కలూ, పల్చటి ఫ్యానూ ఎంత వేడిని బయటికి తోలగలవో అంతే ఆ సిస్టమ్ బలం. ప్రాసెసర్ డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే.

డబ్బా మీద రాతకు, లోపల జరిగేదానికి తేడా ఉంది. మావాడు అడిగిన 16 కోర్ల చిప్పు, అంటే 105 వాట్లని చెప్పే ఏఎండీ రైజెన్ 9 5950ఎక్స్, నిండుగా పని చేసేటప్పుడు 142 వాట్ల దాకా లాగుతుంది. 170 వాట్లని చెప్పే 7950ఎక్స్ 230 దాకా వెళుతుంది. ఇంటెల్ ఐ9-13900కే గరిష్ఠం 253 వాట్లు. ఇంత విద్యుత్తు దేనికంటే, చివరి కాస్త వేగం కోసం. చిప్పు వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. విద్యుత్తు ఖర్చు వేగంతో ఒకసారి, వోల్టేజీతో రెండుసార్లు హెచ్చవేసినట్టు పెరుగుతుంది. రెండింటినీ 10 శాతం పెంచితే ఖర్చు 33 శాతం పెరుగుతుంది. పై రకం చిప్పుకి మనం కట్టే అదనపు డబ్బులో చాలా భాగం ఈ చివరి మెట్టు కోసమే. చిన్న క్యాబినెట్‌లో ఎక్కలేని మెట్టు కూడా అదే.

అంచుల దాకా తోసిన వోల్టేజీ చిప్పుకీ మంచిది కాదు. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అస్థిరంగా మారడానికి హెచ్చు వోల్టేజీయే కారణమని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది.

ఇక మన ఎండ. కూలర్ చేసేది చిప్పుకీ గది గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాని వాడుకుని వేడిని తోలడం. 5950ఎక్స్‌కి హద్దు 90 డిగ్రీలు. యూరప్‌లో 22 డిగ్రీల గదిలో పరీక్షించేవాడికి 68 డిగ్రీల తేడా చేతిలో ఉంటుంది. మే నెలలో విజయవాడలో, ఏసీ లేని డాబా గది 38 డిగ్రీలుంటే మిగిలేది 52. అదే కూలర్, అదే చిప్పు, కానీ తోలగలిగే వేడి సుమారు నాలుగింట మూడొంతులే. అక్కడివాళ్ల పరీక్షా ఫలితాలు చూసి ఇక్కడ కొనేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకోరు. నాకు బాధ కలిగించేది ఇదే.

మావాడు వేసుకోలేదు. మరుసటి మేలో నేను వెళ్లేసరికి ఆ సిస్టమ్ పక్క తలుపు ఊడదీసి గోడకి ఆనించి ఉంది. దానికెదురుగా స్టూలు మీద టేబుల్ ఫ్యాన్. లోపల చిన్న ఫ్యాను కందిరీగల తుట్టెలా రొద చేస్తోంది. మాట వినపడాలంటే ఇద్దరం గొంతు పెంచాల్సి వచ్చింది. హీట్‌సింక్ రెక్కల మధ్య నూలుపోగుల్లా దుమ్ము చిక్కుకుంది. తలుపు తీసి పెడితే చేరేది గాలి ఒక్కటే కాదు కదా. ఆ సాయంత్రం దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చి, తలుపు బిగించి, బయోస్‌లో విద్యుత్తు పరిమితి తగ్గించాను. రొద ఆగింది. వీడియో రెండర్ కొద్ది నిమిషాలు ఆలస్యమైంది, అంతే. వాడు ఆ కొద్ది నిమిషాల కోసమే బ్లాక్ ధర కట్టాడు, అక్కర్లేని బోర్డుని కొని నష్టానికి అమ్ముకున్నాడు, ఐదు నెలలు ఆ రొదలో కూర్చున్నాడు.

ఆ పరిమితి రహస్యమేమీ కాదు. ఏఎండీ బోర్డుల్లో దాన్ని ఎకో మోడ్ అంటారు. 105 వాట్ల చిప్పుని 65 వాట్ల తరగతికి దించితే అది లాగే గరిష్ఠం 142 నుంచి 88 వాట్లకు దిగుతుంది. విద్యుత్తు 40 శాతం దాకా తగ్గినా పని అంత తగ్గదు. తగ్గేది ఆ చివరి మెట్టే.

రెండో మాట, దొరకనిదే గొప్పదనేది. 2020 చివర్లో ఆ ప్రాసెసర్లు ఎందుకు దొరకలేదు? నవంబర్ 5న రైజెన్ 5000 వరస అమ్మకానికి వచ్చింది. ఆ చిప్పుల్ని తైవాన్‌లో టీఎస్ఎంసీ 7 నానోమీటర్ల పద్ధతిలో తయారు చేసింది. అదే నెలలో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ లోపలి ఏఎండీ చిప్పులకీ అదే కంపెనీ, అదే పద్ధతి. కరోనాతో ఇంటికి చేరిన ఉద్యోగులూ, విద్యార్థులూ ఒకేసారి కంప్యూటర్ల మీద పడ్డారు. పైగా 5950ఎక్స్‌లో ఉండేవి ఎనిమిదేసి కోర్ల చిప్పు ముక్కలు, అంటే చిప్లెట్లు, రెండు. 2021 మార్చిలో వచ్చిన 64 కోర్ల సర్వర్ ప్రాసెసర్ ఎపిక్ 7763లో అలాంటివే ఎనిమిది. రెండు చిప్లెట్లున్న డబ్బా 799 డాలర్లు, ఎనిమిదున్నది 7,890 డాలర్లు. మేలైన ముక్కలు ఎటు వెళ్తాయో ఎవరైనా చెప్పగలరు.

అంటే కొరతకి కారణం క్యూ. రేషన్ షాపు ముందు వరస పొడుగ్గా ఉంటే లోపలి బియ్యం సన్నబియ్యమని అర్థం కాదు. వరస పొడుగ్గా ఉందని అర్థం.

మూడో మాట, ఆలస్యం చేస్తే నష్టమనేది. లెక్క దీనికి పూర్తిగా అడ్డం తిరుగుతుంది. ఏఎండీ 16 కోర్ల పై రకం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు విడుదలైనప్పటి ధరలు చూడండి. 2019లో 3950ఎక్స్ 749 డాలర్లు, 2020లో 5950ఎక్స్ 799, 2022లో 7950ఎక్స్ 699, 2024లో 9950ఎక్స్ 649. ప్రతిదీ వెనకటిదానికన్నా వేగమైనదే. కొరత మండిపోతున్నప్పుడు కొన్నవాడే అందరికన్నా ఎక్కువ కట్టాడు. ఆగినవాడు తక్కువ కట్టి ఎక్కువ తెచ్చుకున్నాడు.

కొత్త సినిమా మొదటి ఆటకి బ్లాక్‌లో టికెట్ కొనేవాడిని నేను తప్పుపట్టను. ఆ ఈలలూ ఆ కాగితాల వానా రెండో వారం ఉండవు, వాడు కొనేది ఆ సందడిని. ప్రాసెసర్ అలా కాదు. మొదటి రోజు ఎన్ని లెక్కలు చేస్తుందో ఆరు నెలల తర్వాత కొన్నా అన్నే చేస్తుంది. మారేది ధర ఒక్కటే.

నాకు ఎదురుచెప్పేవాళ్ల దగ్గరా కొంత నిజముంది. పని చేసుకునేవాడికి సమయమే డబ్బంటారు. తక్కువ వాట్ల దగ్గరైనా ఎనిమిది కోర్ల కన్నా 16 కోర్లు ఎక్కువ పని చేస్తాయంటారు. రెండూ ఒప్పుకుంటాను. రోజంతా రెండర్ చేసేవాడు 16 కోర్లు కొనుక్కోవచ్చు. కానీ అతను కొంటున్నది కోర్లను. డబ్బా మీద మెరిసే గిగాహెర్ట్జ్ అంకె అతని క్యాబినెట్‌లో ఎలాగూ నిలబడదు. ఆ సంగతి తెలిసి, మామూలు ధరకి వచ్చినప్పుడు కొంటే తప్పు లేదు. గేమ్స్ కోసమే అయితే, 4కే తెర మీద వేగాన్ని ఎక్కువగా తేల్చేది గ్రాఫిక్స్ కార్డే. ప్రాసెసర్‌కి మిగిల్చిన డబ్బు అక్కడ పెట్టడం న్యాయం.

ముందు ముందు పనికొస్తుంది కదా అని మరికొందరంటారు. ముందుచూపు ఉండాల్సింది బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ విషయంలో. 2016లో వచ్చిన ఏఎం4 సాకెట్‌కే 2022 ఏప్రిల్‌లో 5800ఎక్స్3డీ వచ్చింది. అంతకుముందు ఆరు కోర్లతో సర్దుకున్నవాళ్లు బోర్డూ, ర్యామ్ మార్చకుండా, బయోస్ అప్‌డేట్ చేసుకుని దాన్ని పెట్టుకున్నారు. ఇప్పటి ఏఎం5ను కూడా 2027, ఆ తర్వాత దాకా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఈ రోజు తగినంత చిప్పు పెట్టుకుని రేపు మార్చుకునే దారి తెరిచే ఉంది.

ఇంకొకరు అందని ద్రాక్ష పుల్లన అంటారు. ఆ ద్రాక్ష మా ఇంటికొచ్చింది. తలుపు ఊడదీసి ఉన్న ఆ సిస్టమ్‌ను నా చేతులతో విప్పి చూశాకే ఈ మాట చెబుతున్నాను.

కొరత ఉన్నచోట అన్యాయం కూడా చేరుతుంది. విడిగా ఇవ్వం, ఇంకోటి కలిపి కొనాలనే షరతుని మన కుర్రాళ్లు మార్కెట్ మర్యాద అనుకుంటున్నారు. అన్యాయమైన ఖర్చు మోపుతూ ఒక వస్తువు కావాలంటే మరొకటి కొనాల్సిందేనని మెలిక పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. బిల్లు లేకుండా, డబ్బా లేకుండా ఇచ్చే ట్రే పీసులతోనూ జాగ్రత్త. ఏఎండీ మూడేళ్ల వారంటీ డబ్బాతో వచ్చేదానికే. అమెరికాలో ఉన్న అన్నయ్య సూట్‌కేసులో తెచ్చిపెట్టినదైతే బిల్లు అక్కడ, మనిషి ఇక్కడ. పాడైతే ఎవరిని అడగాలో తేలేసరికే పని చెడుతుంది.

చిన్న సిస్టమ్‌లంటే నాకు ప్రాణం. బల్ల మీద బూట్ల డబ్బా అంత చోటులో, చప్పుడు లేకుండా, రోజంతా నమ్మకంగా పని చేసే యంత్రం కట్టడం మంచి పనితనం. ఆ పనితనానికి పద్ధతి ఉంది. ముందు క్యాబినెట్ ఎంచుకోండి. అందులో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో కొలవండి. మీ గదిలో మే నెల మధ్యాహ్నం ఎన్ని డిగ్రీలుంటుందో థర్మామీటర్ పెట్టి చూడండి. ఆ కూలర్ ఆ గదిలో ఎన్ని వాట్లు మోయగలదో లెక్కేసి, ఎస్ఎంపీఎస్ చూసుకుని, అన్నింటికన్నా చివర ప్రాసెసర్ దగ్గరికి రండి. పిండి కొద్దీ రొట్టె అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మా మేనల్లుడు ఇప్పటికీ ఆ సిస్టమ్ మీదే పని చేస్తున్నాడు, ఆ పరిమితి మీదే. ఈమధ్య వాడి స్నేహితుడొకడు కొత్త ప్రాసెసర్ ఎక్కడా దొరకడం లేదని ఫోన్ చేస్తే, వాడు అడిగిన మొదటి ప్రశ్న “నీ క్యాబినెట్ ఎన్ని లీటర్లు?” మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.