బూజుతో వంట – జావా నేర్పే పాఠం

పిల్లలూ! సోయాచిక్కుడు గింజలకు తెల్లగా బూజు పట్టించి, బెల్లం వేసి వండిపెడితే మీరు తింటారా? "ఛీ, బూజా!" అంటారు. కాని ఇండోనేషియాలోని జావా ద్వీపంలో మీ ఈడు పిల్లలు దానిని ఇష్టంగా తింటారు. బూజు కట్టిన ఆ గింజల దిమ్మను 'టెంపే' అంటారు. దానితో తియ్యగా, ఉప్పగా చేసే వంట 'టెంపే బాచెమ్'.

సోయా గింజలను నానబెట్టి, పొట్టుతీసి, ఉడికించి, చల్లారుస్తారు. రైజోపస్ అనే శిలీంధ్రపు సిద్ధబీజాలు కలిపి, అరటి ఆకుల్లో పొట్లాలు కడతారు. సుమారు 30 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనంలో ఒకటి రెండు రోజులు ఉంచితే, శిలీంధ్రం దారాల్లా పెరిగి గింజలన్నిటినీ ఒక్కటిగా అల్లేస్తుంది. దాని ఎంజైములు మాంసకృత్తులను కొంతవరకు అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. అందుకే టెంపే తేలికగా అరుగుతుంది.

ఇక వంట సంగతి. టెంపే ముక్కలను కొబ్బరినీళ్ళలో వేసి, ధనియాలు, వెల్లుల్లి, ఉల్లి నూరిన ముద్ద, చింతపండు, ఉప్పు, కొబ్బరినీరా కాచి చేసిన బెల్లం కలుపుతారు. సన్నని సెగమీద నీరంతా ఇగిరేదాకా ఉడికిస్తారు. ఆ తరువాత నూనెలో వేయిస్తారు. ఈ రెండు పనులూ ఎందుకు? నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఉప్పు, తీపి ముక్కల్లోకి ఇంకుతాయి. నూనెలో వేడి ఇంకా పెరుగుతుంది. అప్పుడు చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి గోధుమరంగును, కమ్మని వాసనను ఇస్తాయి. ఈ చర్యను 1912లో మెయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు. జావా తల్లులు అంతకు ముందునుంచే వండుతున్నారు!

అయితే పెద్దలు చేసిందల్లా మంచిదేనా? తొందరపడకండి. అదే జావాలో, నూనె తీయగా మిగిలిన కొబ్బరిపిండితో 'టెంపే బొంగ్‌క్రెక్' అనే మరో రకం చేసేవారు. అది తిని వందలాదిమంది చనిపోయారు. మెర్టెన్స్, వాన్ వీన్ అనే డచ్చి శాస్త్రజ్ఞులు 1930లలో దీనిని పరిశోధించారు. అందులో చేరిన ఒక బాక్టీరియా విషాన్ని తయారు చేస్తున్నదని తేలింది. ఆ విషానికి రుచి లేదు, వాసన లేదు. ఎంత ఉడికించినా, వేయించినా పోదు. చివరకు 1988లో ఇండోనేషియా ప్రభుత్వం ఆ రకాన్ని నిషేధించింది. సోయా టెంపే మాత్రం నేటికీ అక్కడ ఇంటింటి వంటే.

"పాతదంతా బంగారం" అనేవారూ, "పాతదంతా మూఢత్వం" అనేవారూ ఇద్దరూ పరీక్షించకుండానే తీర్పు చెబుతున్నారని నా అభిప్రాయం. బూజును చూసి అసహ్యించుకుంటే మంచి ఆహారాన్ని పోగొట్టుకుంటాం. అలవాటును గుడ్డిగా నమ్మితే ప్రాణాలే పోగొట్టుకోవచ్చు. ఏ గింజ, ఏ సూక్ష్మజీవి, ఎంత వేడి, ఎంతసేపు అని అడగాలి. అదే విజ్ఞానశాస్త్రం.

ఇంట్లో రొట్టెకు బూజు పడితే మాత్రం తినకండి. అది ఎవరూ ఏరి పెంచింది కాదు. ఈ రాత్రి మీ అమ్మ ఇడ్లీపిండి కలిపేటప్పుడు పక్కన నిలబడండి. చలికాలంలో గిన్నెను వెచ్చని చోట ఎందుకు పెడుతుందో అడగండి. ఆమె చెప్పింది రాసుకోండి. రెండు గిన్నెల్లో పిండి పోసి, ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా ఉంచి, తెల్లవారి చూడండి. ప్రయోగశాల బడిలోనే ఉండనక్కరలేదు.