చేన్లో పెట్టె దిగితే...

అక్కలూ, చెల్లెళ్ళూ, వంటలయ్యాయా? ఈ వారం కూరలు, పచ్చళ్ళు పక్కన పెట్టి గాలి కబురు చెబుతాను. గాలి కబురంటే పుకారు అనుకునేరు! నిజంగా గాలి గురించే.

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద గుండ్రటి వస్తువొకటి దిగింది. ఊరంతా పోగై చూసింది. టీవీలో ఆ వార్త రాగానే మా చిన్నాడబిడ్డ ఫోను చేసింది. వాళ్ళది జగిత్యాల అవతల పల్లె.

"వదినా, టీవీల చూసినవా? చేన్ల ఏందో పెద్ద గుండు పడ్డదట. బాంబా ఏంది? రేపు మేం పత్తి ఏరవోవాలె. మాకు భయమైతాంది."

"నాకు మాత్రం ఏం తెలుసమ్మా, కనుక్కుని చెప్తా" అన్నాను. నేను ఇంటర్ దాకా చదివిన మనిషిని. మా పెద్దవాడి పుస్తకాలు తిరగేసి, వాణ్ణి విసిగించి తెలుసుకున్నదే మీకూ చెబుతున్నాను.

ఆ దిగింది బాంబు కాదు. మనుషుల్ని బెలూన్‌లో పైకి తీసుకుపోవాలని చూస్తున్న ఒక స్పెయిన్ కంపెనీ వాళ్ళ గది. లోపల ఎవరూ లేకుండా, పరీక్ష కోసం హైదరాబాద్ నుంచి ఎగరేశారు. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది. 1969 నుంచి అక్కడ పని సాగుతోంది. బెలూన్ కింద యంత్రాల పెట్టె కట్టి పైకి పంపుతారు. పని అయ్యాక ఆ పెట్టె రంగురంగుల పారాచూట్‌తో నేలకు దిగుతుంది. ఎక్కడ దిగుతుందో గాలివాటం మీద ఉంటుంది. అందుకే ముందుగా పత్రికల్లో ప్రకటన ఇస్తారు. ఆ ప్రకటనల్లో వచ్చే జిల్లాల పేర్లలో మన కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ కూడా ఉన్నాయి. అంటే మా ఆడబిడ్డ భయం ఉత్తదేమీ కాదు!

ఇంతకీ ఆ పెట్టె ఎక్కడిదాకా పోయి వస్తుంది? కరీంనగర్ నుంచి పెద్దపల్లికి బస్సులో పోయారు కదూ? ఆ దారిని నిటారుగా పైకి లేపి నిలబెట్టారనుకోండి. బెలూన్ ఎక్కేది రమారమి అంత ఎత్తు, 30 నుంచి 42 కిలోమీటర్లు.

ఆ దారిలో మొదటి సగం దాకా ఉన్నది మన పొర, ట్రోపోస్ఫియర్. మన దేశం మీద ఇది 16, 17 కిలోమీటర్ల మందం ఉంటుంది. మబ్బులు, వానలు, పిడుగులు, మన పొయ్యి పొగ, రామగుండం గొట్టాల పొగ అన్నీ ఇందులోనే. మనం పీల్చే గాలిని వంద చెంబులనుకుంటే 78 చెంబులు నత్రజని, 21 చెంబులు ఆక్సిజన్. మిగిలిన ఒక్క చెంబులో ఎక్కువ భాగం ఆర్గాన్. బొగ్గుపులుసు వాయువు చెంబు అడుగున తడి అంత, నూటికి 0.04 మాత్రమే. అయినా భూమి వేడి పెరుగుతున్నది ముఖ్యంగా దానివల్లే. వీటికి తోడు నీటి ఆవిరి ఒక్కో కాలంలో ఒక్కోలా ఉంటుంది.

పైకి పోయినకొద్దీ ఈ పాళ్ళు మారవు, గాలే తగ్గిపోతుంది. పప్పుచారు రుచి అదే, గరిటెలో పడేదే తక్కువ! బదరీనాథ్ యాత్రకు పోయినవాళ్ళు అక్కడ పప్పు ఉడకదని చెబుతుంటారు కదా. మూడు కిలోమీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువై నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మరిగినా వేడి చాలదు. అందుకే కుక్కర్ కావాలి. ఇక 30 కిలోమీటర్ల ఎత్తున నీళ్ళు 10 డిగ్రీలకే మరుగుతాయట. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళు కాసేపటికే మరిగిపోయినట్టు!

కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి కూడా పెరుగుతుంది. ఈ పొర చివర మైనస్ 80 డిగ్రీలు. మన ఆదిలాబాద్ చలి దాని ముందు ఎంత? బెలూన్ ప్లాస్టిక్ మనం కూరగాయలు తెచ్చుకునే కవరు కన్నా పలుచన. ఆ చలికి పెళుసెక్కి పగలకుండా ప్రత్యేకంగా తయారు చేస్తారు. నేల మీద దాన్లో హైడ్రోజన్ కొంచెమే నింపుతారు. మిగతాదంతా తడి చీరలా వేలాడుతుంది. పైన ఒత్తిడి తగ్గేకొద్దీ పూరీలా పొంగుతుంది.

తర్వాతి పొర స్ట్రాటోస్ఫియర్, 50 కిలోమీటర్ల దాకా. ఇక్కడ విచిత్రంగా పైకి పోయినకొద్దీ వెచ్చబడుతుంది. కారణం ఓజోన్. ఎండలోని హానికర కిరణాలను అది పట్టేసుకుంటుంది, ఆ వేడే ఇది. ఆ ఓజోన్ అంతా నేల మీదకు తెచ్చి పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం మించదు. రెండు చపాతీలంత! ఆ పలుచటి పొరే మన చర్మాన్ని, కళ్ళను, పంటలను కాస్తోంది. పాత ఫ్రిజ్‌లలోని గ్యాసు దాన్ని తినేస్తోందని తెలిసి, 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకుని ఆ గ్యాసు మానేశాయి. ఇప్పుడు ఓజోన్ మెల్లగా కోలుకుంటోంది.

2005 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఇస్రో పంపిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల్లో గాలిని పట్టి తెచ్చింది. అందులో మూడు కొత్త రకాల బాక్టీరియా దొరికాయి. ఒకదానికి ఆర్యభట్టు పేరు పెట్టారు. చేన్లో దిగే పెట్టెలో అలాంటి సంగతి ఉండొచ్చు మరి!

దానికి పైన బెలూన్ పోలేదు, తేలడానికి గాలి చాలదు. 50 నుంచి 85 కిలోమీటర్ల దాకా మీసోస్ఫియర్. మనం "చుక్క రాలింది" అనుకునే ఉల్కలు మాడిపోయేది ఎక్కువగా అక్కడే. ఆ పైన థర్మోస్ఫియర్. సాయంత్రం డాబా మీద చూస్తే మెరుస్తూ కదిలిపోయే అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున ఆ పొరలోనే తిరుగుతోంది.

ఇక అసలు సంగతి. మీ చేన్లో అలాంటి పెట్టె దిగితే:

1. విప్పకండి, లాగకండి, జరపకండి. కొన్నిటిలో ఎక్కువ వోల్టేజీ కరెంటు ఉంటుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి.

2. పెట్టె మీద చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. వాళ్ళకు గానీ, దగ్గరి పోలీస్ స్టేషన్, పోస్టాఫీసులో గానీ చెప్పండి.

3. పారాచూట్ గుడ్డ బాగుందని, ప్లాస్టిక్ వడ్లు ఆరబోయడానికి పనికొస్తుందని ఇంటికి మోసుకుపోకండి.

4. కబురు చేసినవాళ్ళకు బహుమతి, అయిన ఖర్చు ఇస్తారు.

ఇదంతా మా ఆడబిడ్డకు ఫోన్లో చెబితే, "అయితె అది మన గాలి సంగతి చూసిరావోయిన పెట్టెనా వదినా! మరి మా పోరగాండ్లను ముట్టనియ్యద్దు" అంది. మర్నాడు పత్తి ఏరడానికి వెళ్ళింది కూడా. మీరూ మీ పల్లెలోని చుట్టాలకు ఒక్క మాట చెప్పి పెట్టండి. వచ్చే వారం మళ్ళీ వంటింట్లో కలుద్దాం.